థీమ్ కేక్ ఇంట్లో చేయాలంటే పైపూత ఏది? క్రీమ్, బటర్‌క్రీమ్, గనాష్, ఫాండెంట్ పోలిక

పుట్టినరోజుకు నెల ముందు నుంచే ఫోన్లో ఫొటోలు పోగవుతాయి. అడవి జంతువులు, రైలుబండి, వెన్నకుండ పక్కన చిన్నికృష్ణుడు, క్రికెట్ గ్రౌండ్. "అక్కా, ఇలాంటిది ఇంట్లో చేయొచ్చా?" అని మా చుట్టాల్లోనూ అపార్ట్‌మెంట్‌లోనూ అడిగేవాళ్లు చాలామంది. చేయొచ్చు. అయితే ఫొటో చూసి పని మొదలుపెడితే ఎక్కడో ఒకచోట దెబ్బతింటాం. ఆ కేక్ ఏ నెలలో చేశారో, ఏసీ గదిలో ఎంతసేపు ఉందో, బొమ్మ లోపల ఏ ఆధారం పెట్టారో ఫొటోలో కనిపించదు.

మా పెద్దమ్మాయి ఐదో పుట్టినరోజున ఇది నాకు బాగా తెలిసొచ్చింది. మే నెల, విజయవాడ, మేడ మీద పార్టీ. విప్పింగ్ క్రీమ్‌తో ఇంద్రధనుస్సు రంగుల కేక్ చేసి, పైన ఫాండెంట్‌తో (చపాతీ పిండిలా కలిపిన పంచదార ముద్దతో) చేసిన గుర్రప్పిల్లను నిలబెట్టాను. ఏడింటికి కేక్ బయట పెట్టాను. అందరూ వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. అప్పటికి అంచుల్లో వేసిన పూలు జారిపోయాయి. క్రీమ్ తడికి గుర్రప్పిల్ల కాళ్లు మెత్తబడి పక్కకు ఒరిగింది. పాప ఏడ్చింది. నేను బీట్ చేయడంలోనూ పైపింగ్‌లోనూ (క్రీమ్ పిండి పూలు వేయడంలోనూ) తప్పు లేదు. మే నెలలో మేడ మీదికి ఆ పూతను ఎంచుకోవడమే తప్పు.

అందుకే ఎవరు అడిగినా నా మొదటి మాట ఒకటే: థీమ్ ఏదో తర్వాత చూద్దాం, ముందు పైపూత తేల్చుకోండి. రెండో మాట: థీమ్‌ని కేక్ అంతా పరచకండి, ఒక్క బొమ్మలో పెట్టండి. ఈ రెండూ కుదిరితే మామూలు చేతితో కూడా మంచి కేక్ వస్తుంది.

## ముందు అడగాల్సిన ప్రశ్నలు

కేక్ ఫ్రిజ్ బయట ఎంతసేపు ఉంటుంది? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. మన ఇళ్లలో ఆరింటికి కటింగ్ అంటే ఏడున్నర. మేనత్త వాళ్లు రాకుండా కత్తి పట్టుకోరు. ఇన్విటేషన్‌లో ఉన్న టైమ్ పక్కన పెట్టి, నిజంగా కోసే టైమ్ లెక్కేయండి. గదిలో ఏసీ ఉందా, ఫ్యానేనా, ఆరుబయటా అన్నది దానికి కలపండి.

ఎవరు తింటారు? నానమ్మ గుడ్డు తినదు. శాకాహారులకు జెలటిన్ పనికిరాదు, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే పదార్థం. చిన్న పిల్లలు ఎక్కువగా ఉంటే మెత్తటి క్రీమ్ ఇష్టపడతారు. పెద్దవాళ్లు ఎక్కువగా ఉంటే తీపి తగ్గాలి.

కేక్ ఎంత దూరం వెళ్లాలి? వంటింట్లోంచి హాల్లోకి తీసుకెళ్లడం వేరు, గుంటూరు నుంచి తెనాలి కారులో ఒళ్లో పెట్టుకుని వెళ్లడం వేరు.

మీకు ఎన్ని సాయంత్రాలు దొరుకుతాయి? కొన్ని పూతలు ఒక పూటలో అయిపోతాయి. కొన్నిటికి మూడు నాలుగు రోజుల ముందే చేయి పెట్టాలి. ఉద్యోగం చేసుకుంటూ చేసేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

ఖర్చు సంగతి ఆయా చోట్ల చెబుతాను. ఒక్కటి మాత్రం ముందే అంటాను. నాజిల్స్ (క్రీమ్ పిండే మొనలు), టర్న్‌టేబుల్ (కేక్ తిప్పే పీట), స్క్రాపర్ (పూత నున్నగా గీకే పలక), పాలెట్ నైఫ్ (పూత పూసే మొద్దు కత్తి) ఒకసారి కొంటే ఏళ్లపాటు ఉంటాయి. మొదటి కేక్‌కి నలభై నాజిల్స్ ఉన్న సెట్ అక్కర్లేదు. ఒక స్టార్ నాజిల్, ఒక గుండ్రటి నాజిల్, గడ్డి వేసే నాజిల్, ఈ మూడు చాలు.

## లోపలి స్పంజ్ గురించి రెండు మాటలు

పూత ఎంత బాగున్నా లోపలి స్పంజ్ దాన్ని మోయగలగాలి. గుడ్లు బాగా గిలక్కొట్టి చేసే తేలికైన స్పంజ్ విప్పింగ్ క్రీమ్‌కి చక్కగా సరిపోతుంది. అదే స్పంజ్ మీద ఫాండెంట్ పరిస్తే బరువుకి కుంగిపోతుంది. ఫాండెంట్ వేయాలంటే బటర్ కేక్ గానీ, కాస్త గట్టిగా వచ్చే చాక్లెట్ కేక్ గానీ చేసుకోవాలి.

ఎగ్‌లెస్ కావాలంటే పెరుగు స్పంజ్ నమ్మదగింది. కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార, అర కప్పు వాసన లేని నూనె, ఒకటిన్నర కప్పు మైదా, ఒకటింబావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంట సోడా. 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. ఇది కాస్త బరువుగా వస్తుంది కాబట్టి గనాష్‌నీ (చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత), పలుచటి ఫాండెంట్‌నీ మోస్తుంది. ఏ స్పంజ్ అయినా ముందురోజే చేసి, చల్లారాక క్లింగ్ ఫిల్మ్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వేడి స్పంజ్‌ని కోస్తే పొడి రాలి క్రీమ్ అంతా మురికిగా కనిపిస్తుంది.

## విప్పింగ్ క్రీమ్

మన దగ్గర బేకరీ కేక్ అంటే పిల్లలకు గుర్తొచ్చే రుచి ఇదే. కేక్ సామాన్ల షాపుల్లో గడ్డకట్టిన ప్యాకెట్లలో దొరికే నాన్‌డెయిరీ విప్పింగ్ క్రీమ్ పాలతో చేసింది కాదు, వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసింది. తీపి ముందే కలిపి ఉంటుంది. బీట్ చేస్తే మూడింతల వరకు పొంగుతుంది కాబట్టి కొంచెమే చాలు. కిలో కేక్‌కి, పైన పూలతో కలిపి, 350 నుంచి 400 గ్రాముల క్రీమ్ సరిపోతుంది. నాలుగు పూతల్లో చవకైనది ఇదే.

ఎక్కువమంది చేసే పొరపాటు క్రీమ్‌ని పూర్తిగా కరిగించి బీట్ చేయడం. ఫ్రీజర్ నుంచి ముందు రాత్రి కింది ఫ్రిజ్‌లోకి మార్చండి. అక్కడక్కడా మంచు పలుకులు ఉండగానే, చల్లటి గిన్నెలో మొదలుపెట్టాలి. ముందు రెండు నిమిషాలు తక్కువ స్పీడ్‌లో, తర్వాత మీడియంలో తిప్పండి. బీటర్ పైకెత్తితే కొన వంగితే లోపల నింపడానికి సరిపోతుంది, నిటారుగా నిలబడితే పూలకు పనికొస్తుంది. ఇంకా తిప్పితే గాలి గుంటలు పడి, గరుకుగా మారి, ఎంత సర్దినా నున్నగా రాదు.

కూరల్లో వేసుకునే ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్‌తో ఇది కుదరదు. అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. పొంగి నిలబడాలంటే కనీసం 30 శాతం, బాగా రావాలంటే 35 దగ్గర ఉండాలి. పాల నుంచి తీసిన విప్పింగ్ క్రీమ్ రుచిలో ఎంతో మెరుగు, నిలకడలో మాత్రం నాన్‌డెయిరీ కన్నా వెనకే. ఇంట్లో నలుగురికి, డిసెంబర్‌లో చేసుకునే కేక్ అయితే నేను పాల క్రీమే వాడతాను.

దీని బలహీనత మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఏసీ గదిలో రెండు గంటలు నిలబడుతుంది. ఎండాకాలం ఫ్యాన్ కింద అరగంటకే అంచులు మెత్తబడటం మొదలవుతుంది. ఇంకొకటి, దీని మీద ఫాండెంట్ బొమ్మ నేరుగా పెట్టకూడదు. తడి తగిలి పంచదార కరుగుతుంది, రంగు కారుతుంది. పెట్టాలనుకుంటే బొమ్మ కింద చాక్లెట్ కరిగించి పోసిన చిన్న బిళ్ల ఆధారంగా ఉంచి, కోయడానికి పది నిమిషాల ముందు పెట్టండి.

## బటర్‌క్రీమ్

అమెరికాలో ఉన్న మా చెల్లెలు పిల్లలకు చేసే కేకులన్నీ దీంతోనే. ఉప్పు లేని వెన్న ఒక వంతు, ఐసింగ్ షుగర్ రెండు వంతులు, మెత్తబడటానికి ఒకటి రెండు చెంచాల పాలు. ఏడంగుళాల కేక్‌కి 250 గ్రాముల వెన్న, అర కిలో ఐసింగ్ షుగర్. రొట్టెకి రాసుకునే ఉప్పు వెన్న వాడితే ఎంత పంచదార వేసినా ఆ ఉప్పదనం పోదు.

పూల పని, గడ్డి, కుచ్చిళ్లు, జంతువుల బొచ్చు దీనిలో వచ్చినంత చక్కగా క్రీమ్‌లో రావు. గీత గీసినట్టు నిలబడుతుంది. తప్పు పడితే గీకేసి మళ్లీ వేయొచ్చు, క్రీమ్‌లా పాడవదు. నేర్చుకునేవాళ్లకు ఇది ఓర్పున్న టీచర్ లాంటిది. ఫ్రిజ్‌లో పెడితే రాయిలా గట్టిపడుతుంది కాబట్టి ప్రయాణానికీ పనికొస్తుంది. కోయడానికి గంట ముందు బయటకు తీస్తే చాలు.

మన దగ్గర దీనికి రెండు అడ్డంకులు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, ఏప్రిల్, మే నెలల్లో మన వంటిళ్లే అంతకు మించి ఉంటాయి. రెండోది తీపి. క్రీమ్ కేక్ అలవాటైన పెద్దవాళ్లు ఒక ముక్క తిని "చాలమ్మా" అంటారు. తీపి తగ్గాలంటే స్విస్ పద్ధతి ఉంది. గుడ్డు తెల్లసొనలో పంచదార కలిపి, వేడినీళ్ల గిన్నె మీద 71 డిగ్రీల వరకు వేడిచేసి, నురగ నిలబడేలా గిలక్కొట్టి, చల్లారాక వెన్న కలుపుతారు. పట్టులా నున్నగా వస్తుంది. గుడ్డు తినని ఇంట్లో ఆ దారి లేదు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు తెలంగాణలో, ముఖ్యంగా హైదరాబాద్, ఆదిలాబాద్ వైపు, బటర్‌క్రీమ్ హాయిగా చేసుకోవచ్చు. బతుకమ్మ థీమ్ కేక్ చేయాలని ఉన్నవాళ్లకు నా సలహా ఇదే. కింద వెడల్పుగా, పైకి సన్నంగా మూడు వరసలు పేర్చి, పసుపు రంగులో తంగేడు, తెలుపు, గులాబీ కలిపి గునుగు, నారింజలో బంతి, ఇలా ఒక్కో వరస ఒక్కో పూవుతో పైపింగ్ చేస్తే చూడటానికి నిండుగా ఉంటుంది. పండగ సెప్టెంబర్, అక్టోబర్‌లలో వస్తుంది కాబట్టి ఏసీ గది అయితే బాగుంటుంది, లేదంటే కటింగ్ దాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి.

## గనాష్

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. చాక్లెట్‌నీ క్రీమ్‌నీ కలిపి చేసే పూత. బీట్ చేసే పని లేదు, నాజిల్ నైపుణ్యం అక్కర్లేదు, పైగా ఇక్కడ ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ సరిపోతుంది.

మొత్తం విద్య కొలతలోనే ఉంది. డార్క్ చాక్లెట్ అయితే రెండు వంతుల చాక్లెట్‌కి ఒక వంతు క్రీమ్. ఎండాకాలం రెండున్నర వంతులకు ఒకటి. వైట్ చాక్లెట్‌కి మామూలు రోజుల్లో మూడుకి ఒకటి, ఎండల్లో నాలుగుకి ఒకటి. కొలత గ్రాముల్లోనే, కప్పుల్లో వద్దు. ఏడంగుళాల కేక్ బయటి పూతకు 400 గ్రాముల డార్క్ చాక్లెట్, 200 గ్రాముల క్రీమ్ పడతాయి. చాక్లెట్‌ని సన్నగా తరిగి, అంచుల్లో బుడగలు వచ్చేదాకా వేడిచేసిన క్రీమ్ పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, మధ్య నుంచి బయటికి నెమ్మదిగా కలపండి. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి, ఫ్రిజ్‌లోంచి తీసిన కాసేపటికి వెన్న ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తగా తయారవుతుంది. పూయడానికి అదే సరైన స్థితి. నూనె తేలి విరిగినట్టు కనిపిస్తే టెన్షన్ వద్దు. ఒక చెంచా గోరువెచ్చటి పాలు పోసి కలిపితే మళ్లీ కలుస్తుంది.

చాక్లెట్ రెండు రకాలు. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది. చవక, వేడికి కాస్త ఎక్కువ ఓరుస్తుంది, రుచి తక్కువ. కోకో బటర్ ఉన్న అసలు చాక్లెట్ నాలుక మీద కరిగే తీరే వేరు, ధర కూడా వేరే. నేను ఎండాకాలం బయటి పూతకు సగం సగం కలుపుతాను, లోపల నింపేది మాత్రం అసలు చాక్లెట్.

గనాష్ పూసిన కేక్ గట్టి డబ్బాలా నిలబడుతుంది. మూలలు చక్కగా వస్తాయి. కారులో గంట ప్రయాణం తట్టుకుంటుంది. ఫాండెంట్ బొమ్మ దీని మీద ఒరగదు. డార్క్ చాక్లెట్ కాబట్టి తీపి అదుపులో ఉంటుంది, పెద్దవాళ్లు రెండో ముక్క అడుగుతారు.

లోటు రంగుల్లోనే. డార్క్ గనాష్ గోధుమ రంగులోనే ఉంటుంది. నీలం ఆకాశం, గులాబీ రంగు కోట కావాలంటే వైట్ చాక్లెట్‌కి వెళ్లాలి, ఖర్చు పెరుగుతుంది, తీపి పెరుగుతుంది. ఒక జాగ్రత్త: కరిగించిన ఉత్త చాక్లెట్‌లో నీటి రంగులు వేస్తే గడ్డకడుతుంది. దానికి ఆయిల్ బేస్డ్ రంగులే వాడాలి. ఇంకో మాట, చాలా థీమ్‌లకు గోధుమ రంగే బాగా కుదురుతుంది. మట్టి, చెట్టు మొద్దు, కుండ, పొలం, అడవి, క్రికెట్ పిచ్. పాడిపంటల థీమ్‌కి డార్క్ గనాష్ మీద బిస్కెట్ పొడి చల్లి దున్నిన నేల చేసి, ఎండు కొబ్బరి కోరుకి ఆకుపచ్చ రంగు కలిపి గడ్డిలా పరిచి, బొమ్మ ట్రాక్టర్ పెడితే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

## ఫాండెంట్

ఫొటోల్లో మనసు లాగే నున్నటి కేకులు చాలావరకు ఇవే. ఐసింగ్ షుగర్, గ్లూకోజ్, గ్లిజరిన్, జెలటిన్ లాంటి బంధకం కలిపి చపాతీ పిండిలా చేసిన ముద్ద. ప్యాకెట్ కొంటే మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడండి. శాకాహారపు ఫాండెంట్ విడిగా దొరుకుతుంది. మార్ష్‌మాలోలతో ఇంట్లో చేసే పద్ధతిలో మామూలుగా జెలటిన్ ఉంటుంది.

ఏడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఉన్న కేక్‌కి దాదాపు పదహారు అంగుళాల చపాతీ కావాలి, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందంతో. 600 నుంచి 700 గ్రాములు పడుతుంది. ఒక్కసారిగా ఎత్తి కేక్ మీద పరిచి, ముడతలు రాకుండా పైనుంచి కిందికి అరచేతితో సర్దాలి. మొదటిసారి చిరగడం మామూలే, కాబట్టి పండగనాడే మొదటిసారి చేయొద్దు. కింద పూత తప్పనిసరిగా గనాష్ గానీ బటర్‌క్రీమ్ గానీ ఉండాలి. లోపల పైనాపిల్ ముక్కలు, తాజా పండ్లు పెట్టకండి. వాటికి ఫ్రిజ్ కావాలి, ఫాండెంట్‌కి ఫ్రిజ్ పడదు.

దీని శత్రువు తేమ. ఓ వానాకాలం విశాఖలో చుట్టాలింటికి ఫాండెంట్ కేక్ తీసుకెళ్లి, భయంతో ఫ్రిజ్‌లో పెట్టాను. బయటకు తీసిన ఐదు నిమిషాల్లో కేకంతా చెమట పట్టింది. తుడవబోతే వేలిముద్రలు పడ్డాయి. అలా జరిగితే ముట్టుకోకండి. ఏసీలో గానీ ఫ్యాన్ గాలిలో గానీ వదిలేస్తే నెమ్మదిగా ఆరుతుంది. పొడి వేడి ఉండే అనంతపురం, కర్నూలు వైపు ఫాండెంట్ బాగానే ఉంటుంది. విశాఖ, కాకినాడ తీరంలో, అందులోనూ వానల్లో, ఏసీ లేకపోతే వద్దంటాను.

పిల్లలు చాలామంది ఆ పొర ఒలిచి పక్కన పెట్టి లోపలి కేక్ తింటారు. అంత కష్టపడి పరిచింది పళ్లేల్లో మిగిలిపోతే బాధగా ఉంటుంది. అందుకే కేక్ మొత్తం ఫాండెంట్‌తో కప్పడం మానేశాను. బొమ్మలకు మాత్రం దీన్ని మించింది లేదు. 250 గ్రాముల ఫాండెంట్‌కి టీస్పూన్ సీఎంసీ పౌడర్ కలిపితే బొమ్మ గట్టిగా ఆరుతుంది. వారం ముందే చేసి అట్టపెట్టెలో పెట్టుకోవచ్చు. బిగుతు మూత డబ్బా వద్దు, ఫ్రిజ్ అసలు వద్దు. ఎరుపు, నలుపు రంగులు ఇంట్లో కలిపితే చేతులు నొప్పి, రంగు కూడా పూర్తిగా రాదు. ఆ రెండూ రంగు కలిపినవే కొనండి.

## ప్రింట్ షీట్, టాపర్లు

చేతిలో ఒక్క సాయంత్రమే ఉంటే సిగ్గుపడకుండా ఈ దారి పట్టండి. కేక్ సామాన్ల షాపులో తినే ఇంకుతో ఫొటో ప్రింట్ చేసి ఇస్తారు. షుగర్ షీట్ క్రీమ్‌లో కలిసిపోతుంది, రుచిలోనూ అడ్డు రాదు. వేఫర్ షీట్ పిండి పదార్థంతో చేసింది, చవక, తడి క్రీమ్ మీద ముడతలు పడుతుంది. కటింగ్‌కి గంట ముందు పెట్టండి. అదే ప్రింటర్‌లో మామూలు ఇంకు వాడరు కదా అని అడిగి తెలుసుకోండి.

కేక్ పైన నిలిపే బొమ్మ టాపర్ అయితే సబ్బుతో కడిగి ఆరబెట్టి పెట్టండి. మూడేళ్ల లోపు పిల్లలు ఉన్న ఇంట్లో చిన్న భాగాలు, పూసలు ఉన్నవి వద్దు.

## ఒక్కచోట చూస్తే

| చూడాల్సింది | విప్పింగ్ క్రీమ్ | బటర్‌క్రీమ్ | గనాష్ | పూర్తి ఫాండెంట్ |
|---|---|---|---|---|
| ఎండాకాలం, ఏసీ లేకుండా | వద్దు | వద్దు | చాక్లెట్ వంతు పెంచితే పర్లేదు | పొడి వాతావరణంలో సరే, తేమలో వద్దు |
| ఖర్చు | తక్కువ | మధ్యస్తం | ఎక్కువ | ఎక్కువ, కింద మరో పూత కూడా కావాలి |
| తీపి | మధ్యస్తం | బాగా ఎక్కువ | డార్క్‌లో తక్కువ | బాగా ఎక్కువ |
| కారు ప్రయాణం | చల్లగా, దగ్గర దూరమే | చల్లబరిచి తీసుకెళ్తే బాగుంటుంది | బాగా తట్టుకుంటుంది | తట్టుకుంటుంది, ఫ్రిజ్ పనికిరాదు |
| పట్టే సమయం | ఒక పూట | ఒక పూట | రాత్రంతా వదిలేయాలి, పూతకు గంట | మూడు నాలుగు సాయంత్రాలు |
| కొత్తవాళ్లకు | బీట్ చేయడం పట్టుబడాలి | సులువు | అన్నిటికన్నా సులువు | కష్టం |
| శాకాహారులకు | ప్యాకెట్ చూసుకోవాలి | స్విస్‌లో గుడ్డు ఉంటుంది | సరే | జెలటిన్ చూసుకోవాలి |

## రంగులు, మెరుపుల విషయంలో రాజీ వద్దు

ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను, తినేది పిల్లలు కాబట్టి. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ లేని రంగు, విడిగా పొట్లాల్లో అమ్మే రంగు కొనకండి. ముదురు రంగు కావాలని ఎక్కువ వేయకండి. ఎరుపు, నలుపు కలిపి నాలుగైదు గంటలు వదిలేస్తే అవే ముదురుతాయి. నలుపు కావాలంటే డార్క్ చాక్లెట్‌తోనో కోకోతోనో మొదలుపెడితే చిటికెడు రంగు చాలు.

బంగారు పొడి, మెరుపుల పొడి ఇంకా జాగ్రత్త. డబ్బా మీద "నాన్ టాక్సిక్" అని ఉంటే అది తినదగిందని అర్థం కాదు. "ఎడిబుల్" అని, లోపల ఏమేమి ఉన్నాయో జాబితాతో సహా ఉండాలి. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో 2018లో బంగారు పొడి పూసిన పుట్టినరోజు కేక్ తిని ఆరుగురు పిల్లలు వాంతులు, విరేచనాలతో బాధపడ్డారు. ఆ పొడిలో ఎక్కువగా ఉన్నది రాగి. మిస్సోరీలో 2019లో ఏడాది పాప రక్తంలో సీసం కనిపిస్తే, ఆరా తీస్తే మొదటి పుట్టినరోజు కేక్ మీద వాడిన రంగు పొడి దగ్గర తేలింది, అందులో 25 శాతం సీసమే. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఈ రెండు సంఘటనలనూ 2021లో ప్రచురించింది. మీ కేక్‌కి మెరుపు లేకపోయినా లోటు లేదు.

## ఎవరికి ఏది

మొదటి పుట్టినరోజు. వందమంది వస్తారు, పాప మాత్రం నాలుగు చెంచాలు కూడా తినదు. అంతమందికీ థీమ్ కేక్ చేయాలని చూడకండి. ముందు పెట్టడానికి ఒక కిలో థీమ్ కేక్, పంచడానికి అదే స్పంజ్‌తో పెద్ద ట్రేలో పూత లేకుండా చేసిన కేక్ ముక్కలు. కిలో కేక్ పది పన్నెండు మందికి వస్తుంది, మిగతా లెక్క ట్రే చూసుకుంటుంది. హాల్లో ఏసీ ఉంటే విప్పింగ్ క్రీమ్, లేకపోతే గనాష్. తేనె మాత్రం ఏ రూపంలోనూ వద్దు, ఏడాది లోపు పిల్లలకు అది ప్రమాదం, అలాంటి పసివాళ్లు ఇంకొందరు వస్తారు కదా.

తాతయ్య షష్టిపూర్తి, అమ్మానాన్నల పెళ్లిరోజు. ఇక్కడ బొమ్మల కన్నా హుందాతనం ముఖ్యం. ఎగ్‌లెస్ స్పంజ్, డార్క్ గనాష్, చుట్టూ రెండంగుళాల ఫాండెంట్ పట్టీ మీద లేసు అద్ది చీర అంచులా చేస్తే చాలు. మామ్మలు ముట్టుకుని చూస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు చిన్న ముక్కలు కోయండి. "షుగర్‌ఫ్రీ" పేరుతో వేరే ప్రయోగాలు ఆ రోజు పెట్టుకోవద్దు.

విదేశాల్లో ఉన్నవాళ్లు. అమెరికాలో హెవీ విప్పింగ్ క్రీమ్‌లో కొవ్వు కనీసం 36 శాతం ఉంటుంది, మామూలు సూపర్‌మార్కెట్‌లోనే దొరుకుతుంది. ఇళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి మన ఇంటి పరిమితులు మీకు లేవు. మీరు చూసుకోవాల్సింది జెలటిన్ ఒక్కటే, అక్కడి ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క ఉండదు కాబట్టి పదార్థాల జాబితా చదవాలి. టెక్సాస్ ఎండల్లో పార్కులో పార్టీ పెట్టుకుంటే మాత్రం మీదీ విజయవాడ మే నెల లెక్కే.

ఇదే మొదటి కేక్ అయినవాళ్లు. డార్క్ గనాష్ పూత, దాని మీద ముందే చేసి పెట్టుకున్న ఒక్క ఫాండెంట్ బొమ్మ. ఆదివారం పుట్టినరోజు, చిన్నికృష్ణుడి థీమ్ అనుకుందాం. మంగళ, బుధవారాల్లో ఫాండెంట్‌తో అరచేతిలో పట్టే కుండ, నెమలి ఈక చేసి అట్టపెట్టెలో ఆరబెట్టండి. నెమలి ఈకకు లోపల పుల్ల గుచ్చి ఉంచండి. శుక్రవారం రాత్రి స్పంజ్ చేసి చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, గనాష్ కలిపి మూత పెట్టి పడుకోండి. శనివారం సాయంత్రం స్పంజ్‌ని మూడు పొరలుగా కోసి, కొద్దిగా షుగర్ సిరప్ చిలకరించి, పొరల మధ్య గనాష్ నింపి, బయట ఒక పలుచటి పూత వేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. పొడి అంతా ఆ పూతలో అతుక్కుపోతుంది. తర్వాత రెండో పూత వేసి, స్క్రాపర్‌ని వేడినీళ్లలో ముంచి తుడిచి ఒక చుట్టు తిప్పితే నున్నగా వస్తుంది. ఆదివారం, పిల్లలు రాకముందు, కేక్ మధ్యలో కుండ పెట్టి, దాని మూతి మీంచి కిందికి జారేలా రెండు చెంచాల కరిగిన వైట్ చాక్లెట్‌ని వెన్నలా ఒలికించి, పక్కన నెమలి ఈక గుచ్చండి. ముక్కలు కోసేముందు పుల్ల తీసి మీ దగ్గర పెట్టుకోండి, ఈక ఎలాగూ పుట్టినరోజు బాబుకే కావాలి.